కవల తమ్ముడు రాని పుస్తకం

మా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే చాలు, మా అరుగు మీద చింతపండు కుప్ప పడేది... ఏజెన్సీ కొండల నుంచి సంతకి దిగిన కొత్త చింతపండు. అమ్మ కత్తిపీట ముందేసుకుని గింజలు తీసేది. ఎదురుగా పక్కింటి మరియమ్మ పిన్ని, ఇంకో కుప్పతో. మధ్యలో నేను, అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవలతో. ఇద్దరికీ చదువు రాదు. నేను గట్టిగా చదవాలి, వాళ్లు వినాలి.

వాళ్లకొక పందెం ఉండేది. హంతకుడెవరో ముందే చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు రెండోవాళ్ల చింతపండు ఒలవాలి!

ఒకసారి ఒక నవల పట్టుకొచ్చాను... అట్ట మీద రక్తం కారే కత్తి. బంగళాలో జమీందారు హత్య. అబ్బబ్బ, ఏం ఊపండీ అది! అమ్మ వంటవాడంది. పిన్ని "నీ మొకం, ఆ సూదిమందు డాట్రే" అంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఎవరూ లేవలేదు.

ఆఖరి పేజీ చదివాను. హంతకుడు... జమీందారు గారి కవల తమ్ముడట! ఎప్పుడో రంగూన్ పారిపోయాడట, చంపడానికని ఓడ దిగాడట! అంతవరకు పుస్తకంలో ఆ మనిషి ఊసే లేదు.

"ఆడెవుడ్రా?" అంది అమ్మ.

"కవల తమ్ముడమ్మా."

"ఎప్పుడొచ్చినాడు?"

"ఇప్పుడే."

"మరి ఇంతసేపూ మనం ఎవుడి కోసం కూకున్నామేటి?"

పిన్ని పుస్తకం లాక్కుని వెనక్కీ ముందుకీ తిప్పింది. "పేజీలు ఎగ్గొట్టీసినావేటిరా?" అని నన్నే అనుమానించింది.

అప్పుడు అమ్మ తీర్పు చెప్పింది. "దొంగన్నోడు మొదట్నుంచీ మనతోటే తిరగాల. మన పక్కనే కూకుని బువ్వ తినాల. అయినా మనం పోల్చుకోకూడదు. అదీ కతంటే!"

ఆ రోజు ఎవరి చింతపండు వాళ్లే ఒలుచుకున్నారు, తిట్టుకుంటూ... అప్పటినుంచి మా ఇంట్లో అదొక మాటైపోయింది. సినిమా మంచి పట్టులో ఉండగా కరెంటు పోతే "కవల తమ్ముడొచ్చీసినాడు". గెలిచే మ్యాచ్‌లో వాన పడితే "కవల తమ్ముడు". నా కూతురు సునీత ఈ మాట వింటూనే పెరిగింది.

ఇక అసలు సంగతి... మా సునీత నవల రాసిందండీ! అచ్చయింది కూడా! డిటెక్టివ్ నవల! ఎనిమిదో తరగతితో ఆగిపోయి సైకిల్ షాపు పెట్టుకున్నవాడి కూతురు! పుస్తకం చేతికందిన రోజు నర్సీపట్నం బజారంతా తిప్పి చూపించాను. టీ కొట్టాయనకైతే రెండుసార్లు.

అమ్మకిప్పుడు తొంభై దాటాయి. చెవులు మాత్రం పాము చెవులు. "సదువు. కవల తమ్ముడొచ్చినాడంటే మనవరాలని కూడా సూడను" అంది. అటు సునీత యలమంచిలి నుంచి ఫోను... "నాన్నా, ఎంతమంది బాగుందన్నా సరే, మామ్మ బాగోలేదంటే నేనింక రాయను." ఆ మాటతో నాకు దడ పట్టుకుంది...

రోజూ మధ్యాహ్నం వరండాలో కూర్చుని చదివాను. ఏటికొప్పాకలో లక్క బొమ్మల వ్యాపారి హత్య. బొమ్మలు కొనడానికి గుంటూరు నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. ఇటువైపు రావడం ఇదే మొదటిసారంటాడు. శవాన్ని ముందు చూసి కేకలేసేదీ ఆయనే. అమ్మ, వ్యాపారి అల్లుడే చంపాడంది. నేను కారు డ్రైవరన్నాను.

ఆఖర్న కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరమ్మ ఆ పెద్దమనిషినే అడుగుతుంది... "ఇటువైపు ఎప్పుడూ రాలేదన్నారు. మరి శవాన్ని చూడగానే 'త్వరగా రండి' అనకుండా మా వైపు మాటలో 'బేగి రండి' అని అరిచారేం? కంగారులో నోటికొచ్చేది పుట్టిన ఊరి మాటే కదండీ!"

గబగబా వెనక్కి తిప్పాను. మొదటి అధ్యాయంలోనే ఉంది! "బేగి రండి, బేగి!" నేనే గట్టిగా చదివాను. అమ్మే విన్నది. గుంటూరు వాళ్లయితే అక్కడే ఆగి, ఈ మాటేమిటి అనుకునేవాళ్లు. మనకేమో రోజూ ఇంట్లో తిరిగే మాట... చెవికి ఆనలేదు! మన మాటతోనే మనల్ని బోల్తా కొట్టించింది నా తల్లి!

అమ్మ చప్పట్లు కొట్టేసింది! "మనతోటే ఉన్నాడ్రా! మొదట్నుంచీ ఉన్నాడ్రా ఎదవ!" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"సింతపండు తేరా. ఓడిపోనాం. ఒలిసి దానికి పంపాల."

కత్తిపీట ఇవ్వనన్నాను. ఒట్టి చేతుల్తోనే ఒలిచింది, నేనూ కూర్చున్నాను. ఎన్నేళ్లకి తేలిందండీ ఆ అరుగు మీద పందెం! మరియమ్మ పిన్ని ఉండి ఉంటే ఎంత ఎగిరేదో... సునీతకి ఫోన్లో చెప్పాను. "ఇంకోటి మొదలెట్టేస్తున్నా నాన్నా" అంది.

ఇప్పుడు చింతపండు గింజలు తీసేసి ప్యాకెట్లో వచ్చేస్తోంది. నవల ఫోన్లోకి వచ్చేసింది, ఎవరికి వారే చదువుకుంటున్నారు. పక్కన కూర్చుని "నీ మొకం, ఆడు కాదు" అని పోట్లాడేవాళ్లే కరువయ్యారు... మీ ఇంట్లో అలా ఎవరు చదివి వినిపించేవారు? మిమ్మల్ని ఏ కవల తమ్ముడు మోసం చేశాడు?

బేగి చెప్పండి మరి!