ఊకున్న బిడ్డ పలికేదాక

నా చిన్నప్పుడు మా చెల్లెకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. ఆర్మూరు శివారులో మాకు పసుపు చేను ఉండేది. తవ్విన పసుపును ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసే రోజుల్లో, సాయంత్రం పని ఆపగానే మా బాపు చెల్లెను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు పాదాలు చెప్పేవాడు. చదువు అంతంతమాత్రమే అయినా అవి ఆయన సొంతంగా కట్టినవే.

ఉడికిన పసుపు ఎండేదాక ఆగుత,
ఊకున్న బిడ్డ పలికేదాక ఆగుత.

పాదం ముగిసినప్పుడల్లా చెల్లె ఆయన మోకాలి మీద చేత్తో ఒక్కటి వేసేది. దానికి తెలిసిన ఆట అదొక్కటే.

నాకప్పుడు పదేళ్లు. నోటి దురుసు ఉండేది, నలుగురూ నవ్వితే అది రెట్టింపయ్యేది. ఒకరోజు అంకాపూర్ నుంచి మేనమామలు వచ్చారు. కళ్లం నిండా చుట్టాలు, కూలీలు. నేను బాపు గొంతు అనుకరిస్తూ అందుకున్నాను. "ఉడికిన పసుపు ఎండుతది గని, ఊకున్న బిడ్డ పలుకనే పలుకదు."

ముగ్గురో నలుగురో నవ్వారు. బాపు తలెత్తకుండా పసుపు తిరగేస్తూనే ఉన్నాడు. రెండు దెబ్బలు వేసి ఉంటే ఆ రోజే మరిచిపోయేదాన్ని.

ఆ సాయంత్రం చెల్లె ఎప్పటిలాగే వచ్చి ఒళ్లో కూర్చుంది. బాపు పాదాలు ఎత్తుకోలేదు. అది మోకాలి మీద కొట్టింది. కాసేపు చూసి మళ్లీ కొట్టింది. ఆయన నా వైపు చూసి, సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. కన్నతండ్రి నన్ను చూసి సిగ్గుపడితే నాకు తల కొట్టేసినట్టయింది. దగ్గరికి పోయి, "చెప్పు బాపు, చెల్లె అడుగుతున్నది" అన్నాను.

"దానికి సమజైతదని చెప్తలేను బిడ్డా," అన్నాడు. "నాకే మస్తు ఫికర్ అయితది. గీ రెండు మాటలు అనుకుంటే జర నిమ్మలమైతది. ఇయ్యాల నువ్వు చెప్పు."

మొదటి పాదం చెప్పాను. రెండోదానికి నా వంకర మాటే నాలుక చివరికి వచ్చి ఆగిపోయాను. బాపు మెల్లగా అసలు మాట అందించాడు. చెల్లె మోకాలి మీద కొట్టింది.

ఆ తర్వాత చెల్లెకు మాటలు వచ్చాయి, ఆలస్యంగా, కొన్నే.

నా కొడుకు నెలలు నిండకుండా పుట్టి నిజామాబాద్ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. ఆ పాదాలే వచ్చాయి. రెండో పాదం దగ్గర మళ్లీ నా పాత మాటే ముందు వచ్చింది. అందించడానికి బాపు అప్పటికి లేడు. ఆ బిడ్డ ముందు నిలబడి, నా మాటను నేనే దిగమింగి, బాపు మాట పలికాను.

వాడు బతికాడు. ఇప్పుడు వాడి కూతురు నా ఒళ్లో కూర్చుంటుంది. మొదటి పాదం చెప్పి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను, ఆ మాట గొంతు దిగేదాకా. మనవరాలు ఆ ఆగడం కూడా పాటలోదే అనుకుంటుంది. నా మోకాలి మీద కొట్టబోయే చెయ్యి ఎత్తి పట్టుకుని నా కోసం ఆగుతుంది.