ఇంట్లో ఇంకా ఎవరున్నారు వదినా

పాలు అడుగంటిన వాసన ఎక్కడ తగిలినా నాకు షార్జాలోని మా తెలుగు సంఘం గది గుర్తుకొస్తుంది. 2006లో ఒక శుక్రవారం. పిల్లలు గొంతెత్తి గుణింతాలు చదువుతున్నారు. వాళ్లకు అక్షరాలు దిద్దించే మస్తానన్న టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లాడు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలని మనిషి ఆయన. ఏదో జరిగిందని ఆ వాసనతోనే తెలిసిపోయింది. వెళ్లి చూస్తే నేల మీద పడి ఉన్నాడు.

ఆయనది నెల్లూరు దగ్గర పల్లె. ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ మెకానిక్. సంఘంలో ఉగాది పచ్చడికి వేపపువ్వు తెప్పించేదీ ఆయనే, కూలీల క్యాంపుల్లో ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేదీ ఆయనే. మావారి ఉద్యోగం అబుదాబిలో, వారానికోసారి వచ్చేవారు. ఇద్దరు పిల్లలతో, తలుపు చప్పుడైతేనే ఉలిక్కిపడుతూ బతికేదాన్ని. అలాంటి నాకు ఆయన అన్నిటికన్నా కష్టమైన పని అప్పగించాడు. చనిపోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పడం.

నాకు భయమని, ఏడ్చేస్తానని చెప్పాను.

"ఏడిస్తే ఏడువు మా. భయం లేనోళ్లు గబుక్కున చెప్పేస్తారు. నువ్వైతే ఆగి చెప్తావు" అన్నాడు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఇంట్లో ఇంకా ఎవరున్నారో ముందు కనుక్కోవాలి. ఒంటరిగా ఉంటే ఇరుగుపొరుగును రప్పించి, పక్కన మనిషి కూర్చున్నాకే చెప్పాలి. నేను చేసిన మొదటి ఫోన్ కోనసీమకు. పక్కింటావిడ వచ్చేలోపు, భర్త పోయిన సంగతి ఇంకా తెలియని ఆ ఇల్లాలు పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో నాకు చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. మస్తానన్న ఎదురుగా కూర్చున్నాడు గానీ ఫోన్ మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు.

ఆ శుక్రవారం ఆసుపత్రిలో డాక్టర్ ఖలాస్ అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వరండాలో నిలబడ్డ మగవాళ్లందరూ నా వైపే చూశారు. మస్తానన్న భార్య కరీమా వదినకు ఫోన్ కలిపాను.

"ఇంట్లో ఇంకా ఎవరున్నారు వదినా?"



"అది ఆయన మాటే గదా మా" అంది. "పక్కింటోళ్లను నేనే పిలుచుకుంటా. లైన్లో ఉండు."

చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఎవరినో పేరు పెట్టి పిలవడం వినిపించాయి. మళ్లీ ఫోన్ అందుకుంది.

"వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. సంఘంలో ఈనాటికీ ఆ ఫోన్లు నేనే చేస్తున్నాను. భయం తగ్గలేదు. తగ్గితే ఈ పనికి పనికిరానేమో.

మస్తానన్న పోయిన మరునాడు పొద్దున మా పెద్దవాడు మంచం దిగలేదు. తరగతిలో తాము గోల చేసినందుకే మస్తాన్ తాత పడిపోయాడా అని అడిగాడు. చిన్నది వాడి చొక్కా పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"తాత చనిపోయారు నాన్నా. ఇక రారు. అది మీ వల్ల కాదు. ఈ దేశంలో మనవాళ్లు చాలామంది తెలుగు మాట ఒక్కటి కూడా వినపడని చోట పోతారు. తాతకు చివరిదాకా మీ గోల వినపడింది."