మా టీచర్ ఇవ్వని క్యాసెట్

కల్వకుర్తిలో చిన్నప్పుడు మాకు ట్యూషన్ చెప్పిన టీచర్ కాలం చేశారు. ఆమె చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా, నిద్రల్నే పోయింది" అని చెప్పింది. నేను మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో బ్రష్ నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాను. అయ్యో అన్నాను. కానీ అయ్యో అనకముందే నా మనసులో మెదిలింది టీచర్ ముఖం కాదు, ఆమె బీరువా పైఅరలో ఉన్న ఆకుపచ్చ వీడియోగేమ్ క్యాసెట్. ఇప్పుడది ఎవరి చేతికి పోతుందో అనుకున్నాను. ఆమెను తలచుకుంటూ రాయడానికి కూర్చుని ఈ ముక్క దాచిపెడితే మిగతాది ఎంత రాసినా దండగే.

ఆమె సర్కారు బడిలో లెక్కలు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రాలు ఇంటి వరండాలో మా వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టుకునేవారు. మాకు ఎక్కాలు ఎంతకీ రావడం లేదని, ఏ టీచరూ చేయని పని చేశారు. హైదరాబాదు పోయి టీవీకి తగిలించే వీడియోగేమ్ కొనుక్కొచ్చారు. ఎక్కం తప్పు లేకుండా చెప్పినవాళ్లకు ఒక చాన్స్. పదిహేడో ఎక్కం నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తుందంటే అది ఆ ఆట పుణ్యమే.

క్యాసెట్ పట్టకపోతే మేం నోటితో ఊదేవాళ్లం. ఆమె కంటపడితే అయిపోయినట్టే. "ఉమ్మి తాకితే తుప్పు వడ్తదిరా" అని లాక్కుని, లోపలి ఇత్తడి రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, కొంగుతో తుడిచి పెట్టేవారు. టీవీలో బొమ్మ వచ్చేది. ఆటలో ఓడిపోయి ఎవడైనా ఏడిస్తే ఆమెది ఒకటే మాట: "చాన్స్ అయిపోతే ఏడ్వొద్దు, పక్కోనికియ్యాలె." అందరికన్నా ఎక్కువ ఏడ్చేవాణ్ణి కాబట్టి ఆ మాట ఎక్కువ విన్నదీ నేనే.

తర్వాత చదువులు, ఉద్యోగం, పెళ్లి. ఆమెను శుభ్రంగా మరచిపోయాను. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు పాత క్యాసెట్ల పిచ్చి పట్టింది. సెలవు దొరికితే చాలు, పాత సామాను దుకాణాలూ చుట్టాల ఇళ్లల్లో అటకలూ వెతికేవాణ్ణి. ఇంట్లో చీపురు పెట్టుకోవడానికి కూడా జాగా లేకుండా చేశానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఫోన్‌లో నాలాంటి పిచ్చివాళ్ల గ్రూపు ఒకటి ఉంది. నలభైకి దగ్గరపడ్డవాళ్లం, పిల్లలు గోళీలు చూపించుకున్నట్టు క్యాసెట్ల ఫొటోలు చూపించుకుంటాం. ఒకసారి అందులో ఎవరో యుద్ధట్యాంకుల ఆట ఉన్న ఆకుపచ్చ క్యాసెట్ కోసం ఏళ్లుగా వెతుకుతున్నానని రాశాడు. నాకు టీచర్ ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఆదివారమే సీతాఫలాలు కొనుక్కుని కల్వకుర్తి పోయాను. ఆమె తలుపు తీసి, కళ్లద్దాలు సరిచేసుకుని, నా పేరు పెట్టి పిలిచారు. "ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా బిడ్డా" అని కళ్లు తుడుచుకున్నారు. మీరు ఎప్పుడూ యాదికొస్తూనే ఉంటారు టీచర్ అన్నాను. అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

మాటల్లో ఆట సంగతి ఎత్తితే, బీరువాలోంచి పాత చీర గుడ్డలో చుట్టిన మూట తెచ్చారు. క్యాసెట్ స్టిక్కర్ అంచు కూడా లేవలేదు. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే ఫొటో తీసి, నాదే అన్నట్టు గ్రూపులో పెట్టాను. చాయ్ రాకముందే పొగడ్తలు వచ్చాయి.

ఇది నాకిస్తారా అని అడిగితే నవ్వారు. "ఊకెనే ఎట్లిస్తరా? ఇద్దరం కలిసి ఇరవయ్యో స్టేజి దాటిననాడు తీస్కపో" అన్నారు.

ఆ ఆట తెలియనివాళ్లకు చెబుతాను. తెర కింద ఇటుకల గూటిలో ఒక పిట్ట ఉంటుంది. ఎదుటి ట్యాంకుల నుంచి దాన్ని కాపాడుకోవాలి. శత్రువు గుండు తగిలినా, మన గుండే తగిలినా ఆట అయిపోతుంది. "నువ్వు ముందట్కి పో, నేను పిట్ట కాడ ఉంట" అనేవారు టీచర్. నెలకోసారి పోయేవాణ్ణి. ప్రతిసారీ పదిహేడో పద్దెనిమిదో స్టేజి దాకా బాగానే పోయేది. అక్కడికి రాగానే ఆమె గుండే పిట్టకు తగిలేది. చెయ్యి వణికిందనీ, వచ్చే నెల చూద్దామనీ అనేవారు. నేను పైకి నవ్వి లోపల పళ్లు నూరుకునేవాణ్ణి. డెబ్బై దాటిన మనిషి చేతుల మీద కోపం తెచ్చుకున్నాను.

ఆట అయ్యాక అన్నం పెట్టేవారు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ నాకిష్టమని ఎక్కువ వేసేవారు. నా బీపీ గోలీల గురించీ, మా ఆవిడ మోకాళ్ల గురించీ అడిగేవారు. ఆమె ఆరోగ్యం నేను ఎన్నిసార్లు అడిగానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాను, గుర్తు రావడం లేదు. నన్ను సాగనంపడానికి వీధిలోకి వచ్చి కనిపించినవాళ్లందరికీ చెప్పేవారు, తన దగ్గర చదువుకున్నవాళ్లలో వీడొక్కడే తనను చూడడానికి వస్తాడని. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడేవాణ్ణి.

పదకొండో రోజు భోజనాలకు పోయాను. వీధివాళ్లు నన్ను గుర్తుపట్టారు. నెలనెలా వచ్చే పిల్లగాడు ఈయనే అని ఒకామె పక్కామెకు చూపించి, నా విస్తట్లో మంచి ముక్కలు ఏరి వేసింది. ఎట్లా మింగానో నాకే తెలుసు.

అందరూ పోయాక టీచర్ చెల్లెలు, నేను చిన్నమ్మా అని పిలుస్తాను, లోపలికి పిలిచి క్యాసెట్ చేతిలో పెట్టింది. అక్క నీకే ఇయ్యమన్నదని చెప్పింది. మర్యాద కోసం, ఇరవై స్టేజీలు దాటనేలేదు చిన్నమ్మా, పాపం టీచర్‌కు చెయ్యి వణికేది అన్నాను.

చిన్నమ్మ దుప్పటి మడతపెట్టడం ఆపింది. "చెయ్యి వణుకుడా? ఒక్కతే కూసోని ఆడితె ముప్పై దాటేది. నేను చూసెదాన్ని గద. నువ్వొచ్చిననాడే పిట్టను తనే కాల్చుకునేది. ఎందుకే అట్ల చేస్తవంటే, ఇస్తే వాడు మళ్ల రాడే అన్నది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అంటే టీచర్‌కు మొదటి రోజునుంచే తెలుసు. తెలిసీ వీధిలో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. లెక్క తప్పు చేస్తే ఆమె కొట్టేవారు కాదు, పలక మళ్లీ చేతికిచ్చి ఇంకోసారి చూడమనేవారు. ఇదీ అలాంటిదేనేమో. లేక నిజంగానే మనిషి కోసం మొహం వాచి ఉన్నారేమో. రెండోదే నిజమైతే నా సిగ్గుకు అంతు లేదు.

క్యాసెట్ అక్కడే పెట్టి రావలసింది. తెచ్చుకున్నాను. బస్సులో, కడుపులో అంత బాధ పెట్టుకుని కూడా, స్టిక్కర్ నలగలేదు కదా అని ఒకసారి తీసి చూసుకున్నాను. నేను ఇలాంటివాణ్ణి.

వచ్చేటప్పుడు చిన్నమ్మ గేటు దాకా వచ్చింది. ఆ ఇంట్లో ఇక ఆమె ఒక్కతే. "ఆదివారం రొట్టెలు జేస్త, రా" అన్నది. వస్తానన్నాను.

అప్పటినుంచి చాలా ఆదివారాలు గడిచాయి, పోలేదు. ఒకసారి పని, ఒకసారి ఎండ. అసలు కారణం నాకు తెలుసు, ఆ ఇంట్లో ఇప్పుడు నాకు కావలసింది ఏమీ లేదు. ఈ నాలుగు మాటలు రాయడం కూడా పోకుండా తప్పించుకోవడమేనేమో.

ఈ రోజూ ఆదివారమే. పన్నెండు దాటింది. చిన్నమ్మ జొన్నరొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి గిన్నెలో పెట్టి, గేటు గడియ తీసి ఉంచి ఉంటుంది.