దుప్పటి రెండో సగం

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే చీరల షాపులో ఒకామెకు పన్నెండో చీర విప్పి చూపిస్తుండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయన పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, మగ్గం మీద కూసున్నడు. గంతే." చీర మడతపెట్టకుండానే బయటపడ్డాను. ఎల్‌బీ నగర్‌కు మెట్రోలో మూడు స్టేషన్లే. కూర్చోలేక, నిలబడలేక తలుపు దగ్గరే అటూ ఇటూ తిరిగాను.

ఆయన మా నాన్నకు అన్న. నల్లగొండ పల్లె నుంచి వస్తూ సామాన్లతో పాటు మగ్గం కూడా విప్పి తెచ్చుకున్న మనిషి. ఎల్‌బీ నగర్ గల్లీలో ఈ గది కిరాయికి తీసుకునేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే, కాళ్లు పెట్టుకోవడానికి నేలలో గుంట తవ్వుకోనివ్వాలని. ముప్పయ్యేళ్లు ఆ గుంటలో కూర్చుని నూలు దుప్పట్లు నేశాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ హమాలీలు వచ్చి కొనుక్కుపోయేవారు. మార్కెట్ తరలిపోయాక కొనేవాళ్లు తగ్గారు. ఆయన నేయడం మాత్రం మానలేదు.

మగ్గం చిన్నది. దుప్పటిని రెండు సగాలుగా నేసి మధ్యలో కుట్టాలి. ఆ కుట్టు పెద్దమ్మది. రెండు సగాల్లోని ఎర్రగీతలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి కాబట్టి, రెండూ ఒకే చెయ్యి నేయాలని ఆయన పట్టు. పోగులు ఎంత లెక్కపెట్టి వేసినా, వేసిన పోగును దువ్వెనలాంటి పన్నెతో కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. తొందరపడి గట్టిగా కొడితే బట్ట బిగిసి పొట్టిదవుతుంది, గీత ముందే వచ్చేస్తుంది.

నాకు నేత నేర్పింది ఆయనే. ఒకసారి ఆయన జ్వరంతో దవాఖానలో ఉంటే, మేలు చేద్దామని ఒక దుప్పటి రెండో సగం నేనే నేసి పెట్టాను. పెద్దమ్మ కుట్టేసింది. ఇంటికి రాగానే ఆ కుట్టు మీద అరచెయ్యి జరిపి చూశాడు.

"గీ సగం నువ్వేసినవా?"

"అవును పెద్దనాయనా."

"మంచిగనే ఉంది గానీ ఆగమాగం చేసినవ్. బస్సు పోతదా ఏంది బిడ్డా?"

నవ్వుతూనే కుట్టు విప్పించి, నా సగం పక్కన పడేసి, ఆ సగం మళ్లీ మొత్తం తానే నేశాడు. నాకు ఒళ్లు మండింది. నెల రోజులు ఆ గడప తొక్కలేదు. ఆ నెల గుర్తొస్తే ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆయన పోయేనాటికి ఒక దుప్పటి మొదటి సగం పూర్తయి మడతపెట్టి ఉంది. రెండోది మగ్గం మీద జానెడు. ఇంటి ఓనరు మర్యాదగానే చెప్పాడు. "దినాలైనంక మూడు రోజులు చూస్తనమ్మా. తర్వాత గుంట పూడ్పించి టైల్స్ ఏపిస్త." పెద్దమ్మ ఎలాగూ నాతో నాగోల్‌లో నేనుండే ఇంటికి వచ్చేస్తోంది. ఆమె అడిగింది ఒక్కటే. "ఆయన ఆఖరి దుప్పటి సగమే ఉంటదా?"

పదకొండు రోజులు మగ్గం ముట్టలేదు. ఆ తర్వాత షాపుకు సెలవు పెట్టి గుంటలో దిగాను. ఆయన మడమలు ఆనీ ఆనీ నున్నబడిన చోట నా కాళ్లు పెట్టాను. చెయ్యి పరుగెత్తబోయినప్పుడల్లా నేర్పేటప్పుడు ఆయన అనే మాటే పైకి అనుకున్నాను: "నిమ్మళంగ, నిమ్మళంగ." రెండు రోజులు గీతలు సరిగ్గానే వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం కూలీలు సిమెంటు బస్తాలు తెచ్చి గడపలో దించారు. ఒక్కో బస్తా పడుతుంటే దెబ్బ మీద దెబ్బ కొట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి ముగించాను. ఎలా ముగించానో గుర్తు లేదు.

పెద్దమ్మ రెండు సగాలూ మంచం మీద పక్కపక్కన పరిచింది. చివర్లో గీతలు తప్పాయి. నాకు ఏడుపొచ్చింది.

"విప్పి మళ్ల నేస్త పెద్దమ్మా."

"ఏడ కూసోని నేస్తవ్? ఉండనీ. గీడిదాంక ఆయన లెక్కనే నేసినవ్ గద," అని గీతలు తప్పిన చోట వేలు పెట్టి చూపించి, సూది అందుకుంది.

ఇప్పుడు నాగోల్‌లో, మధ్యాహ్నాలు ఆ దుప్పటి కప్పుకునే పడుకుంటుంది. తల దగ్గర గీతలన్నీ కలిసే ఉంటాయి. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా సగం రెండు వేళ్లు ముందే అయిపోతుంది. అటువైపు కాలివేళ్లు బయటికొచ్చి కనబడుతుంటాయి. రెండో కాలు మాత్రం ఆయన నేసిన సగం కింద వెచ్చగా ఉంటుంది.