కోసిన రెమ్మలు

మా అన్నయ్యకి పిట్టలంటే ప్రాణమని ఊరంతా అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయింది ఎవరి ప్రాణమో నాకు తెలుసు గనక.

మా ఆవిడది ఫొటో స్టూడియో. పగలంతా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది, మొటిమలు తుడుస్తుంది, బట్టతలల మెరుపు తగ్గిస్తుంది. తెల్లారగట్ల మాత్రం కెమెరా భుజానేసుకుని రైలుకట్ట పక్క పొదల్లోకి పోతుంది. వాలిన పిట్టని ఎవరైనా తీస్తారు, ఎగిరేదాన్ని రెక్క చెదరకుండా పట్టాలంటే అది లేస్తుందని దానికంటే ముందు మనకి తెలియాలి అంటుంది. ఒక్క ఫొటో కూడా దొరకని రోజున సైతం వెలిగిపోతూ ఇంటికొస్తుంది. పొయ్యి వెలిగించేది మాత్రం నేనే.

ఆమెకి ఒకటే నియమం. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పదు, నాక్కూడా. అలాంటిది ఈ వేసవిలో అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. ఫొటో క్లబ్బుకి అధ్యక్షుడాయన. పోటీ దగ్గర పడింది, చేతిలో పనికొచ్చే ఫొటో ఒక్కటీ లేదు. ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా దాపరికమా అన్నాడు. పెద్దవాడు నోరు తెరిచి అడిగాడు కదా అని ఆమె మెత్తబడి, మర్నాడు పొద్దున్నే పిగిలిపిట్ట గూడు చూపించింది. అందులో మూడు పిల్లలు.

స్టూడియో తెరవాలని ఆమె వచ్చేసింది. ఈయన అక్కడే ఉండిపోయి, అడ్డొస్తున్నాయని గూటి చుట్టూ ఆకులూ రెమ్మలూ కత్తెరతో కోసేశాడు. ఫోన్లో ఇంకో పిగిలిపిట్ట కూత పెట్టాడు. తన చోట్లోకి ఎవడో చొరబడ్డాడనుకుని ఆ మగపిట్ట మేత తేవడం మానేసి గొంతు చించుకుంది. ఈయన ఫొటో తీసుకుని చక్కా పోయాడు. సాయంత్రం మా ఆవిడ వెళ్ళేసరికి గూడు బట్టబయలుగా ఉంది. పిల్లల్ని కాకి ఎత్తుకుపోయింది. ఇంటికొచ్చి ఆమె ఏడవలేదు. గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది.

నేను వెళ్ళి అడిగితే, చేసిందంతా దర్జాగా చెప్పి, కాకి కాకపోతే ఏ పామో తినేది, దానికింత రాద్ధాంతమా అన్నాడు అన్నయ్య. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు నేను.

ఆ ఫొటోకే మొదటి బహుమతి వచ్చింది. పిట్ట ఎంత తన్మయంగా పాడుతోందోనని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారట. ప్రదర్శనకి నిలువెత్తు ప్రింటు కావాలి. ఊళ్ళో అంత పెద్దది వేసేది మా ఆవిడ ఒక్కతే. సిగ్గూ ఎగ్గూ లేకుండా ఆమె దగ్గరికే తెచ్చాడు, నేనూ స్టూడియోలోనే ఉన్నాను. తెర మీద పెద్దది చేయగానే కోసిన రెమ్మల మొదళ్ళు తెల్లగా బయటపడ్డాయి. అన్నయ్య వంగి చూసి నాలిక కరుచుకున్నాడు.

"ఆ మచ్చలు కాస్త తుడిచెయ్యమ్మా. నీకది చిటికెలో పని."

నా చెయ్యి ఆయన కాలర్ దాకా వెళ్ళింది. మా ఆవిడ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. రేపటికల్లా గోడ మీద ఉంటుందని ఆయనకి చెప్పి పంపేసింది.

మర్నాడు ప్రదర్శనలో అన్నట్టే ఉంది. జనం ముందు పిట్టని చూశారు, తర్వాత దాని పక్కన చూశారు, గుసగుసలు మొదలుపెట్టారు. నిర్ణేతల్లో ఓ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, ఆ తెల్లటి కోతల మీద వేలు పెట్టి, గూడు ఏమైందని అన్నయ్యనే అడిగింది.  ఆవిడ అటు వెళ్ళగానే ఆయన మా ఆవిడ మీదికొచ్చి, నలుగురిలో నా పరువు తీశావు అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"మీరు కోసినవే బావగారూ," అంది ఆమె. "నేను ఒక్కటి కూడా కలపలేదు."