దుప్పటికి అవతలి పక్క

ఆ రోజు నేను చేసినదాన్ని పొరపాటు అనుకుంటూ చాలాకాలం గడిపాను. అది పొరపాటు కాదు. బాగా ఆలోచించి, పెద్దలెవరినీ నొప్పించకుండా, నాకు సౌకర్యంగా చేసిన తప్పు.

అరవైల తొలి యేళ్లలో రామన్నపేట దగ్గరి ఒక ఊళ్లో, హైస్కూలులో సోషల్ చెప్పేవాణ్ణి. పంటల మీద, టీకాల మీద బొమ్మలు చూపించే సర్కారు వ్యాను ఒకటి అప్పుడప్పుడూ వచ్చేది. యూరపులో రెండో ప్రపంచయుద్ధకాలంలో ఒక దేశపు సర్కారు యూదుల జాతినే తుడిచిపెట్టాలని చూసిన సంగతి మీద వాళ్ల దగ్గర ఒక చిన్న చిత్రం ఉందని తెలిసింది. పదో తరగతికి అది చూపించమని నేనే బతిమాలాను. అందులో మాటలన్నీ ఇంగ్లిషు. మైకు పట్టుకొని తెలుగులో చెప్పేది నేను. అద్దం ముందు నిలబడి గొంతు వణికించడం సాధన చేశాను. కరుణ నాకు బాగా కుదిరింది.

తీరా చూస్తే వ్యానులోని తెరను ఎలుకలు కొట్టేశాయి. పటేలు ఇంటి నుంచి పెళ్లిళ్లకు వాడే తెల్ల దుప్పటి తెప్పించి బడి ఆవరణలో రెండు గుంజలకు కట్టాం. దుప్పటి ఇచ్చినవారు ఊరికే ఉంటారా? చుట్టాలను వెంటబెట్టుకొని బొమ్మ చూడ్డానికి వచ్చారు. తరగతిలో పిల్లలంతా ఒకే గదిలో కూర్చునేవారు. కానీ ఊరి పెద్దలు వచ్చిన చోట ఊరవతలి హరిజనవాడ పిల్లలు వాళ్లతో కలిసి కూర్చోవడం అప్పటికి మర్యాద కాదు. హెడ్మాస్టరు నా వంక చూశారు. ఉపాయం నాదే. దుప్పటి పలుచన, బొమ్మ రెండు పక్కలా పడుతుంది. వాడ పిల్లలను అవతలి పక్క కూర్చోబెట్టాను. "ఎటునుంచి చూసినా బొమ్మ బొమ్మే" అన్నాను. హెడ్మాస్టరు నా సమయస్ఫూర్తిని మెచ్చుకున్నారు.

పొద్దుగూకగానే బొమ్మ మొదలైంది. "వెంటనే చంపలేదు. ముందు వేరుగా కూర్చోమన్నారు. బడుల్లో, బండ్లలో, తోటల్లో. ఇరుగుపొరుగు చూసి ఊరుకున్నారు" అని మైకులో చెప్పి గొంతు వణికించాను.

పటేలు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "అయ్యో పాపం, ఏం రాచ్చసులయ్యా గా దేశపోళ్లు!" అన్నాడు.

అప్పుడు దుప్పటి అవతలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. వాడ నుంచి పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. క్రైస్తవుల ఇల్లు, తండ్రి రోడ్డు పనికి కంకర కొట్టేవాడు.

"సార్, వాళ్లను గట్ల వేరే కూసోమన్నది ఎవలు సార్? రాజులా, పంతుళ్లా?"

ఇవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నా మీదేనని తెలిసింది. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచి, "నోర్మూసుకొని కూర్చో! నిన్ను ఇంతదూరం రానివ్వడమే ఎక్కువ!" అని అరిచాను. ఊరంతా విన్నది. బొమ్మలో జనాన్ని రైలుపెట్టెల్లోకి ఎక్కిస్తున్నారు. కరుణ ఎక్కడ ఆపానో వెతుక్కొని మళ్లీ మొదలుపెట్టాను.

మరునాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. తండ్రితో కంకర పనికి పోతోందని పిల్లలు చెప్పారు. ఈసారి పరీక్ష రాయకపోతే ఇక పుస్తకం ముట్టేది లేదని అందరికీ తెలుసు.

"పోతే పోనియ్యవయ్యా. అడిగెటోళ్లు తగ్గితే నీకే సుఖం" అన్నారు హెడ్మాస్టరు.

కొన్నాళ్లు సుఖంగానే ఉంది. తర్వాత గమనించాను, పదో తరగతిలో ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. తలలు వంచుకొని రాసుకుంటున్నారు. నా పాఠం వాళ్లకు బాగా వంటబట్టింది.

రోడ్డు దగ్గరికి పోయాను. తండ్రీ కూతుళ్లు రాళ్ల కుప్ప పక్కన కూర్చొని పని చేస్తున్నారు. దారిన పోయేవాళ్లు వింటారేమోనని అటూ ఇటూ చూసి, "తప్పయింది, పిల్లను పంపు" అని మెల్లగా అన్నాను.

"తిట్టింది ఊరంత ఇనవడ్డది సారూ" అన్నాడు తండ్రి. "తప్పయిందన్న మాటనేమో నా చెవుల చెప్తున్నరు. పిల్ల ఏ మొకం పెట్టుకొని బడికి రావాలె?"

ఆ పిల్ల సుత్తి ఆపకుండానే, "పోనియ్ బాపూ, సారుకు జర భయమున్నట్టుంది" అంది.

ఉన్నది నిజంగా భయమే. పటేలంటే భయం, హెడ్మాస్టరంటే భయం, ఉద్యోగం మారుమూలకు మారుస్తారని భయం.

సోమవారం ప్రార్థన వేళకు రమ్మని ఇద్దరినీ అడిగాను. వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ప్రార్థన ముగిశాక నేను ముందుకు వచ్చాను. "నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పకుండా తిట్టాను. ఆ దేశంలో వేరే కూర్చోమన్నవాళ్లలో పంతుళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ వేరే కూర్చోబెట్టింది నేను. తప్పు నాది."

"ఇనవడలే సారూ, జర గట్టిగ" అన్నాడు తండ్రి.

మళ్లీ చెప్పాను. గోడ అవతల హోటలు ముందు చాయ్ తాగుతున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. హెడ్మాస్టరు ఆకాశం వైపు చూశారు. ఆ పిల్ల వచ్చి తన వరుసలో నిలబడింది.

పరీక్షల దాకా, ఆమెకు తప్పిపోయిన పాఠాలు బడి వదిలాక వాడలోని చర్చి అరుగు మీద చెప్పాను. మొదటి రోజు పుస్తకం తెరుస్తూ, "అడగొచ్చునా సార్?" అంది. అడుగమ్మా అన్నాను. చాలా అడిగింది. సగానికి నాకు జవాబులు రాలేదు. రావనే చెప్పాను.