చెంప మీది స్పెల్లింగులు

ఈ ఉదయం మా పాప మొహానికి రాయడానికి, బర్మావాళ్లు గంధంలా పూసుకునే తనాఖా చెక్కని సాన మీద అరగదీస్తుంటే, ఆ చల్లటి వాసనకి నా రెండో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు మేం ఆ బర్మాలోనే, లమ్మడా అనే పేటలో ఉండేవాళ్లం. ప్రతి శుక్రవారం బళ్లో ఇంగ్లీషు స్పెల్లింగుల పరీక్ష. పొద్దున్నే సాన మీది తడి గంధంలో అమ్మ నాచేత వేలితో ఒక్కో మాటా రాయించేది. తప్పయితే చెరిపేసేది. ఒప్పయితే, ఆ రాసిన గంధాన్నే తీసి నా బుగ్గలకి పూసి, తనూ కాస్త పూసుకునేది. తడారి బుగ్గలు బిగుసుకుంటుంటే, మాటలు లోపలికి ఇంకుతున్నాయనుకునేదాన్ని.

ఒక శుక్రవారం అమ్మ నన్ను బడికి తీసుకెళ్తుంటే దారిలో పెద్ద వాన పట్టుకుంది. బడి మెట్ల దగ్గరకి వచ్చేసరికి నా గడ్డం నుంచి గంధం నీళ్లు కారుతున్నాయి. ఏడుపు వచ్చేసింది.

"ఏటయిందే?" అంది అమ్మ.

"స్పెల్లింగులన్నీ కారిపోయాయమ్మా."

అమ్మ నవ్వలేదు. వంగి, తన చెంపని నా చెంపకి ఆనించి కాసేపు అలాగే ఉంది.

"నా మొకం మీదవి నీకిచ్చేసాను. ఇంక ఎల్లు," అంది.

ఆ రోజు అన్నీ ఒప్పే రాశాను. అదే వానలో అమ్మ కూడా తడిసిందనీ, ఆ చెంప మీద అప్పటికి ఏమీ మిగిలి ఉండదనీ ఇవాళే తోచింది.